నానమ్మ పేటియా, పాప తీజ్ బుట్ట

(సంత్ సేవాలాల్ మహరాజ్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేము రచయితలం కాదు, నాయకులం అంతకన్నా కాదు. మహబూబ్‌నగర్ పట్టణంలో చిన్న ఉద్యోగాలు చేసుకుంటూ, ఎనిమిదేళ్ల పాపను, నాలుగేళ్ల బాబును పెంచుకుంటున్న మామూలు ఆలుమగలం. "మీ ఇంటి సంగతే చెప్పండి, చాలు" అన్నారు నిర్వాహకులు. ఇంటి సంగతి అంటే కొంత సంతోషం, కొంత సిగ్గు. రెండూ చెప్తాం.

ముందు సిగ్గుపడ్డ సంగతి.

నిరుడు ఎండాకాలం సెలవులు అయిపోయి బడి తెరిచిన కొత్తలో పిల్లల నానమ్మ తండా నుంచి వచ్చింది. మా తండా కోస్గి దిక్కు. పొద్దున్నే బస్సెక్కి, చద్దరు మూటలో జొన్నరొట్టెలు, పచ్చి పల్లీలు కట్టుకుని వచ్చింది. మేము ఆఫీసుల నుంచి వచ్చేదాకా ఇంట్లో ఊరికే ఎందుకు కూర్చోవాలని, తోవ అడుక్కుంటూ నేరుగా పాప బడి గేటు దగ్గరికి పోయింది. అద్దాలు కుట్టిన ఎర్ర పేటియా, కాంచళి, మోచేతుల పైదాకా బలియాలు. బడి వదిలారు. పాప బయటికి వచ్చింది. నానమ్మను చూసింది. చూసి, స్నేహితురాలి చెయ్యి పట్టుకుని పక్క గేటు నుంచి వెళ్లిపోయింది.

సాయంత్రం స్నేహితురాలి తల్లి ఫోను చేసి, "మీ పాప మా ఇంట్లో ఉంది. మీ పనామె గేటు దగ్గర ఎదురుచూస్తుందంట కదా, ఆమెతో పంపకుండా మా ఇంటికి ఎందుకు వచ్చిందో" అని అడిగింది. పనామె అన్న మాట పాప చెప్పిందే. నానమ్మ ఆ రాత్రి ఏమీ అనలేదు. పిల్లలకు రొట్టె మీద వెన్న రాసి పెట్టింది. పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్లిపోయింది.

పాపను కొట్టలేదు, తిట్టలేదు. ఏ మొహం పెట్టుకుని తిట్టాలి? ఇంట్లో గోర్ బోలీ మాట్లాడకూడదని రూలు పెట్టింది మేమే. పాప మూడేళ్లప్పుడు నీళ్లను పాణి అనేది, రొట్టెను బాటి అనేది, అమ్మను యాడి అనేది. బడిలో చేర్చే ముందు ఒకరోజు కూర్చోబెట్టి, "యాడి కాదు, మమ్మీ" అని నేర్పించాం. నలుగురిలో మన పిల్ల వెనకబడొద్దని, బాగుపడాలని చేసిన పనే. మేము మూసిన తలుపే నానమ్మ ముఖం మీద పడిందని ఆ రాత్రి అర్థమైంది.

మేము ఎందుకలా చేశామో కూడా చెప్పాలి. ఈ సభలో చాలామందికి అది తెలిసిన కథే.

మాలో ఒకరం పుణెలో, ముంబైలో, కట్టీకట్టని బిల్డింగుల కింద పెరిగాం. పాలమూరు లేబర్ అనే మాట దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, దసరా దాటాక తండా సగం ఖాళీ అయ్యేది. ఇసుక కుప్ప మీద నీలం టార్పాలిన్ కట్టి దాని కింద మూడు రాళ్ల పొయ్యి. అమ్మ తట్ట మోస్తుంటే తమ్ముణ్ణి చూసుకోవడమే బడి. ఇంకొకరం తండాలోనే నానమ్మ దగ్గర ఉండిపోయాం. తల్లిదండ్రుల ముఖాలు ఏడాదికి రెండుసార్లు కనపడేవి. ఒకరికి అమ్మానాన్నలు దొరికి బడి దొరకలేదు, ఒకరికి బడి దొరికి అమ్మానాన్నలు దొరకలేదు. ఇద్దరం ఎట్లనో చదువుకుని ఈ పట్టణానికి చేరాం. మన పిల్లలకు బడీ ఉండాలి, మేమూ ఉండాలి అనుకున్నాం. ఆ రెండూ ఇచ్చాం కూడా. ఇచ్చే తొందరలో నానమ్మను మరిచాం.

ఒక ఆదివారం పిల్లలిద్దరినీ పిల్లలమర్రికి తీసుకెళ్లాం. ఊరికి దగ్గర్లోనే ఉన్న చెట్టు, మీకు కొత్త కాదు. ఏడు వందల ఏళ్లదని చెప్పే మర్రి, మూడెకరాల దాకా పరుచుకుంది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. లోపల చెదలు తొలిచేశాయని తెలిసింది. 2018లో ఆసుపత్రిలో మనిషికి ఎక్కించినట్టే, సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదల మందు కలిపిన నీళ్లను చుక్కచుక్కగా చెట్టులోకి ఎక్కించారు. ఆ సంగతి చెప్తే మా బాబు నోరు తెరిచి విన్నాడు. "చెట్టుకు సూది గుచ్చితే ఏడ్చిందా?" అని అడిగాడు.

పాప వేరే ప్రశ్న వేసింది. "ఇందులో అసలు చెట్టు ఏది?"

చూపించబోయి ఆగిపోయాం. అటు చూస్తే ఒక కాండం, ఇటు చూస్తే ఇంకొకటి. పైనుంచి దిగిన ఊడలే కాండాలై నిలబడ్డాయి. "ఏది ముందో ఇప్పుడు చెప్పలేం బిడ్డా, అన్నీ ఒకటే చెట్టు" అన్నాం. పాప కాసేపు ఊడ పట్టుకుని ఊగింది. వచ్చేటప్పుడు బస్సులో మెల్లగా, "నానమ్మకు నా మీద కోపం ఉందా?" అంది. అడగడానికి దానికి నెల పట్టింది.

అప్పుడే అనుకున్నాం, ఈ శ్రావణంలో తీజ్‌కు తొమ్మిది రోజులూ తండాలోనే ఉండాలని.

అనుకోవడం తేలిక. ఇద్దరికీ అన్ని రోజుల సెలవు లేదు. పాపకు ఆ వారంలోనే యూనిట్ టెస్టులు. ఇంట్లో రెండు రాత్రులు వాదులాట జరిగింది. పరీక్ష మానిపిస్తే రేపు బడి అంటే లెక్క లేకుండా పోతుందేమోనని ఒకరి భయం. ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడూ పోమని ఇంకొకరి భయం. చివరికి మొదటి నాలుగు రోజులు ఒకరం, మిగతా రోజులు ఇంకొకరం సెలవు పెట్టుకున్నాం. పరీక్షలు పోయాయి. పోతే పోయాయని ఇప్పుడు అనగలుగుతున్నాం. అప్పుడు మాత్రం గుండె పీచుపీచుమంది.

దానికంటే ముందే ఆషాఢంలో సీత్లా పండుగ వచ్చింది. మంగళవారం నాడు వేపచెట్టు కింద ఏడు రాళ్లను కడిగి, బొట్లు పెట్టి, ఏడుగురు అక్కచెల్లెళ్లుగా మొక్కే పండుగ. మేరామా, తుళ్జా, సీత్లా, కంకాళి అని నానమ్మ ఒక్కొక్క రాయినీ ముట్టుకుంటూ పేర్లు చెప్తుంది. గుగ్గిళ్లు నైవేద్యం పెడుతుంది. పిల్లాజెల్లా, గొడ్డూగోదా చల్లగా ఉండాలని మొక్కుతుంది. ఆ ఒక్కరోజుకు బాబును తీసుకుని వెళ్లాం. వాడికి అప్పటికే ఒళ్లు వెచ్చగా ఉంది. అమ్మవారి దగ్గరికి తెచ్చాక డాక్టరంటే నానమ్మ ఏమంటుందోనని భయపడుతూనే, కోస్గి దవాఖానకు పోతామన్నాం.

"పోవాలె కద మరి. ముందు ఈడ మొక్కు, ఎనుక ఆడ సూది" అంది నానమ్మ. తనే బయల్దేరింది. దారిలో చెప్పింది. ఆమె చిన్నప్పుడు మశూచి వచ్చి ఇద్దరు తోబుట్టువులు పోయారట. సీత్లా అంటే ఆ రోజుల్లో వణుకు. ఇప్పుడు ఆ రోగం లోకంలోనే లేదు. మన దేశంలో ఆఖరి కేసు 1975లో వచ్చింది, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది. టీకాతో పోయింది. ఇది మేము నానమ్మకు చెప్పాం. ఆమె తలూపి, "టీకాల తల్లి లేదని ఎవరన్నరు?" అంది. తండాలో ఏఎన్ఎం వస్తే ఇల్లిల్లూ తిరిగి తల్లులను పిలుచుకొచ్చేది, తట్టు టీకా తప్పనివ్వనిది ఈ నానమ్మేనని తర్వాత తెలిసింది. చదువుకున్న మేము మొక్కుకూ మందుకూ మధ్య గోడ కట్టుకున్నాం. ఆమె ఇంట్లో ఆ గోడ లేదు. బాబుకు మామూలు జలుబు జ్వరం, రెండు రోజుల్లో తగ్గింది.

ఇక తీజ్.

తీజ్ పెళ్లికాని ఆడపిల్లల పండుగ. మొదట పిల్లలంతా కలిసి నాయక్ ఇంటికి పోయి అనుమతి అడగాలి. అడగాల్సింది గోర్ బోలీలోనే. తండాలో మిగతా పిల్లలు గలగలా అడిగేశారు. మా పాప వంతు వచ్చింది. నోరు పెగల్లేదు. పక్కన పిల్లలు నవ్వారు. ఒకమ్మాయి, "దీనికి మన మాట రాదు" అంది. బడిలో గోర్ బోలీ వస్తుందేమోనని దాచుకున్న పిల్ల, ఇక్కడ గోర్ బోలీ రాక తలదించుకుంది. ఆ నిమిషం మాకు చాలా కష్టమైంది. ఈ రెండు చోట్లా దాన్ని నిలబెట్టింది మేమే.

వెనక నుంచి నానమ్మ వచ్చి, పాప చెవిలో ఒక్కో మాట చెప్పింది. పాప ఒక్కో మాటే తిరిగి చెప్పింది. మధ్యలో ఒక మాట తప్పు పలికితే నాయక్ నవ్వాపుకుని, సరిచేసి మళ్లీ చెప్పించాడు. అనుమతి దొరికింది. గేటు దగ్గర జరిగిన సంగతి గురించి నానమ్మ ఆనాడూ మాట్లాడలేదు, ఈనాటికీ మాట్లాడలేదు.

తర్వాత పిల్లలకు పనే పని. దుస్సేరు తీగ తెచ్చి బుట్టలు అల్లాలి. పుట్టమన్ను తేవాలి, ఎరువు కలపాలి, నానబెట్టిన గోధుమలు చల్లాలి. నానిన శనగలను రేగుముళ్లకు గుచ్చే ఆట ఒకటుంది. ఆడపిల్లలు గుచ్చుతుంటే వరసైన మగపిల్లలు కొమ్మను ఊపి గుచ్చనివ్వరు. పాప వేలికి ముల్లు దిగి రక్తం వచ్చింది. ఏడుస్తుందనుకున్నాం. ఊపిన పిల్లగాణ్ణి తండా చివరిదాకా తరిమింది.

పుట్టమన్ను తవ్వడానికి పోయినప్పుడు పాప మమ్మల్ని ఇరుకున పెట్టింది. "పుట్టను కట్టేది చెదలే కదా? ఆ చెదలే పిల్లలమర్రిని తిన్నాయి కదా? మరి ఈ మన్నుకు ఎందుకు మొక్కాలి?" అంది. మాకు జవాబు తోచలేదు. నానమ్మను అడగమన్నాం. నానమ్మ పుట్ట ముందు నీళ్లు పోసి, మన్ను తీసి, "తినేదీ అదే, మెత్తగ చేసేదీ అదే. అందుకే అడిగి తీసుకుంటం, గుంజుకోం" అంది. పాపకు ఎంత అర్థమైందో తెలియదు. గుప్పెడే తీసుకుంది, ఎక్కువ తీయలేదు.

బుట్టలన్నీ నాయక్ ఇంటి ముందు మంచె మీద పెట్టారు. రోజుకు మూడుసార్లు నీళ్లు పోయాలి, పాటలు పాడాలి. తీజ్ పెట్టిన పిల్లలు ఉప్పూకారం లేని తిండి తినాలి. పట్టణంలో కారం బిళ్లల ప్యాకెట్టు లేనిదే పూట గడవని పిల్ల, చప్పటి రొట్టె తిని పెద్దమనిషిలా మూతి తుడుచుకుంది.

నాలుగో రాత్రి గాలివాన మొదలైంది. కరెంటు పోయింది. మంచె మీద మొలకలు అప్పటికి వేలెడంత ఉన్నాయి. తండా ఆడపిల్లలంతా కేకలు వేసుకుంటూ పరుగెత్తారు. మేమూ టార్చి పట్టుకుని పరుగెత్తాం. ఎవరో ఇంట్లోంచి నీలం టార్పాలిన్ లాక్కొచ్చారు. నాలుగు మూలలా పిల్లలే పట్టుకుని నిలబడ్డారు. అది పుణె నుంచి తెచ్చుకున్నది. మూలలకు సిమెంటు ఇంకా అంటుకునే ఉంది. అటువంటి దాని కిందే మాలో ఒకరం పెరిగాం. వానలో తడుస్తూ పాప దాని ఒక మూల పట్టుకుని నవ్వుతుంటే, మాకు మాట రాలేదు.

ఆ హడావుడిలో బాబు కనపడకుండా పోయాడు. అరగంట సేపు మా పైప్రాణాలు పైనే పోయాయి. బావి దగ్గర వెతికాం, వాగు దిక్కు ఇద్దరు పరుగెత్తారు. ఎవరికి తోచిన దేవుణ్ణి వాళ్లు పిలిచారు. దేవుడున్నాడా లేడా అని కాలేజీలో గంటలు గంటలు వాదించిన మేము, ఆ చీకట్లో "సేవాభాయా, సేవాభాయా" అని గొణుక్కున్నాం. చివరికి మేకల దొడ్డిలో, తడిసిన మేకపిల్లను చొక్కా కింద పెట్టుకుని నిద్రపోతూ దొరికాడు. దానికి చలి పెడుతుందని పోయాడట.

మరునాడు సేవాలాల్ గుడి దగ్గర, తెల్లజెండా కింద, నిప్పుల మీద బెల్లం, నెయ్యి వేసి నానమ్మ భోగ్ చేయించింది. బాబు అడిగాడు, "ఈయన దేవుడా, తాతా?" అప్పుడు కూర్చోబెట్టి చెప్పాం. 1739 ఫిబ్రవరి 15న గుత్తి ప్రాంతంలో పుట్టాడని, మనవాళ్లు ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దేశాలు తిరిగిన రోజుల్లో ఆ మందల వెంట నడిచినవాడని, గోవులను కాచినవాడని, అందుకే మనం ఆయన్ను స్వామి అనకుండా భాయా, అంటే అన్న, అంటామని చెప్పాం. "అన్నైతే నాతో ఆడుకుంటాడా?" అన్నాడు. నానమ్మ వాడి నోట్లో బెల్లం పెట్టి, "రాత్రి మేకల దొడ్డిల నీ తోని ఎవరున్నరనుకున్నవ్?" అంది.

మేము నమ్మకాన్ని గురించి పెద్ద మాటలు చెప్పలేం. పిల్లవాడు దొరికిన మర్నాడు ఆ బెల్లం మాకూ చాలా తీయగా ఉంది. అంతవరకు చెప్పగలం.

తొమ్మిదో రోజు పొద్దుటికి మొలకలు జానెడు ఎత్తయ్యాయి. నిమజ్జనానికి ముందు చెల్లెళ్లు అక్కలు తమ అన్నదమ్ముల కాళ్లు కడుగుతారు. పాప వాడి చిన్న కాళ్లు పళ్లెంలో పెట్టి కడుగుతుంటే చక్కిలిగిలై వాడు ఎగిరి నీళ్లన్నీ అందరి మీద చల్లాడు. చెరువు గట్టున మొలకలు పెరికి పెద్దవాళ్ల తలపాగాల్లో దోపారు. పాప మొదటి పిడికెడు మొలకలు తీసుకుని నేరుగా నానమ్మ దగ్గరికి పోయింది. ఆమె తల మీది అద్దాల ముసుగు అంచున దోపింది. దోపి ఒక మాట అంది. మమ్మీ అన్నమాట నేర్పేటప్పుడు మేము మరిపించిన మాటల్లో అది ఒకటి. దాదీ అంది. నానమ్మ అప్పుడు ఏడ్చింది.

ఇదీ మా ఇంటి కథ. అంతా బాగైపోయిందని చెప్పం. యూనిట్ టెస్టులు రాయనందుకు పాపకు మార్కులు తగ్గాయి. గోర్ బోలీ ఇంకా ముక్కలు ముక్కలుగానే వస్తుంది. దసరాకు నానమ్మ మళ్లీ వచ్చినప్పుడు బడి గేటు దగ్గర పాప కాసేపు తటపటాయించింది. తర్వాత చెయ్యి పట్టుకుంది. స్నేహితురాలు "ఎవరే?" అంటే, "మా దాదీ" అని, "ఆ అద్దాలన్నీ ఆమే కుట్టుకుంది" అని చెప్పిందట. అది మాకు నానమ్మ చెప్పలేదు. పాప చెప్పింది.

సభలో పెద్దలున్నారు కాబట్టి రెండు మాటలు మనవి చేసి ముగిస్తాం. 1976 చట్టంతో తెలంగాణలో మన లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో వందల తండాలు సొంత పంచాయతీలయ్యాయి. మన ఊరు మన పేరున కాగితం మీద ఉంది. మన మాటకు మాత్రం సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. అది రావాలని అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. అది వచ్చేదాకా మన వంటింట్లో పాణిని పాణి అనడానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. తెలుగు లిపిలోనే రాసుకుందాం. ఈ సంఘం నానమ్మల చేత పిల్లలకు కథలు చెప్పించి, ఫోన్లలో రికార్డు చేసి పెడితే, మొదటి నానమ్మను మేము తీసుకొస్తాం.

రెండో మాట, పట్టణాల్లో ఉన్న మాలాంటి తల్లిదండ్రులకు. తొమ్మిది రోజులు కుదరకపోతే రెండు రోజులైనా పిల్లల్ని తీజ్‌కు తీసుకుపోండి. ముల్లు గుచ్చుకుంటుంది, వానలో తడుస్తారు, కాసేపు తప్పిపోతారు కూడా. భయపడకండి. తండాలో పిల్లవాడు తప్పిపోతే వెతకడానికి అందరూ బయటికి వస్తారు. మా అపార్టుమెంటులో ఎంతమంది వస్తారో మాకు నమ్మకం లేదు.

ఇప్పుడు పాప ఒక గోధుమ బుట్ట మా ఇంటి కిటికీలో పెట్టింది. తీజ్ కాదు, కాలమూ కాదు, ఊరికే ప్రయోగమట. రోజుకు మూడుసార్లు నీళ్లు పోస్తుంది. ఈ సభకు వచ్చేటప్పుడు దానికి నీళ్లు పోసే బాధ్యత నానమ్మకు అప్పగించి వచ్చాం. ఆమె ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది.